ద్రౌపది క్షమ

క్షమాగుణమును పొగడని గ్రంథము మన భాషలో నరుదు. క్షమింపుమని యితరులకు బోధింపని పెద్దమనిషి మన వీథులలో నంతకంటె నరుదు. కాని యెవరు, ఎవరి పక్షమున, ఏ తప్పును క్షమింపవచ్చునను ప్రశ్నను మాత్రము మనము తరచుగా వేసికొనము. మాకును ఈ ప్రశ్న స్వయముగా తోచినది కాదు. ఒక బాలిక మాకు నేర్పినది.

మేము హైదరాబాదున మాదాపురమునకు చేరువనున్న యొక పాఠశాలలో తెలుగు చెప్పుచున్నాము. 1998లో సైబర్ టవర్సు ప్రారంభమగు నాటికి ఆ ప్రాంతమున బండరాళ్ల గుట్టలును, చిన్న పల్లెలును నుండెడివి. నేడక్కడ అద్దాల మేడలు బారులు తీరియున్నవి. మా విద్యార్థులలో ననేకుల తలిదండ్రులు ఆ మేడలలో పనిచేయువారు. కొందరి మేనమామలును, పినతండ్రులును అమెరికాలో నున్నవారు. అట్టి తరగతిలో నొకనాడు భాగవతము ప్రథమస్కంధములోని యశ్వత్థామ కథను చెప్పుచుంటిమి. నిద్రించుచున్న యుపపాండవుల నేవురను చంపినవానిని అర్జునుడు పశువును కట్టినట్లు కట్టి తెచ్చి ద్రౌపది ముందు నిలిపెను. ఆమె వానిని చూచి, విడిచిపెట్టుడని కోరెను. ఇంతవరకు చెప్పి, క్షమ యెంత గొప్పదో చూచితిరాయని పాఠమును ముగింపబోవుచుండగా, వెనుకబల్లనుండి యొక బాలిక లేచి, "సార్, చచ్చిపోయింది పిల్లలు గదా. మాఫ్ చేసేది వాళ్లమ్మ ఎట్లయితది?" అని యడిగెను.

అంతలో గంట మ్రోగినది. ఆ గంటకు మేము కృతజ్ఞులమైతిమి; ఏలయన మాయొద్ద సమాధానము లేదు.

ఇంటికి పోయి పోతన భాగవతమును, దాని సంస్కృతమూలమును, భారతమును ముందు పెట్టుకొని, ఇరువదియేండ్లుగా చెప్పుచున్న కథను మొదటిసారి చదువువానివలె చదివితిమి. అప్పుడు కనబడిన విషయములను చదువరుల యెదుట నుంచుచున్నాము. ఇది పాండిత్యప్రదర్శనమునకు కాదు. ఈ కథను మనము చెప్పు తీరులో నొక దోషమున్నదని మాకు తోచినది. ఆ దోషము మన యిండ్లలోనికిని, మన కచేరీలలోనికిని వచ్చియున్నది.

మొదట భాగవతమును చూతము. ద్రౌపది యశ్వత్థామను విడిపించుటకు చెప్పిన కారణములు ప్రధానముగా మూడు. ఇతడు గురుపుత్రుడు, మీకు విలువిద్య నేర్పిన ద్రోణుడే పుత్రరూపమున మీ యెదుట నున్నాడనుట మొదటిది. ఇతని తల్లియగు కృపి భర్తను పోగొట్టుకొని యున్నది. బిడ్డలు చచ్చి నేను ఏడ్చుచున్నట్లు ఆమె యేడువకుండుగాక యనుట రెండవది. బ్రాహ్మణకులమునకు కోపము తెప్పించిన రాజకులము నశించుననుట మూడవది.

ఈ మూడవ కారణమును మేము మెచ్చజాలము. పుట్టుకనుబట్టి దండనము తగ్గవలెననుట క్షమ కాదు, అది పక్షపాతము. క్షమించువాడు తప్పు చేసినవానిలోని మనిషిని చూచునేకాని వాని కులమును చూడడు. ప్రాచీనగ్రంథమందున్నది గావున దీనిని సమర్థింపవలెనను వారితో మాకు పని లేదు. మొదటి కారణము కృతజ్ఞతకు సంబంధించినది, మంచిదే. కాని కథకు ప్రాణము రెండవ కారణమున నున్నది. ద్రౌపది క్షమకు ప్రేరణము ఎక్కడనుండి వచ్చెను? హంతకుని ముఖమునుండి రాలేదు. అతడు పశ్చాత్తాపము ప్రకటింపలేదు. చేసిన పనికి సిగ్గుపడి తల వంచుకొని మాత్ర ముండెను. తన గొప్పతనము లోకమునకు చాటవలెనను కోరికనుండియు రాలేదు. ఆ సభలో లేని, ఏ పాపము నెరుగని, ఒక ముసలితల్లి కన్నీటినుండి వచ్చెను. కృపికి ఏడువకుండు హక్కు కలదని ద్రౌపది తన యేడ్పు నడుమ గ్రహించెను. ఆమె క్షమ యనునది వేరొకరి హక్కును నిలబెట్టుటయే.

పోతన యిచ్చట చేసిన పని మరియు విలువైనది. మూలమందు ద్రౌపది మాటలు భర్తలతో నడచును. పోతన మాత్ర మామెచేత అశ్వత్థామతోనే నేరుగా మాటలాడించెను. ఆయుధములు పట్టి నీమీదికి రానివారిని, నీకు ద్రోహము చేయనివారిని, చీకటిలో నిద్రించు పసివారిని చంపుటకు నీకు చేతులెట్లాడెనని యామె వానిని మొగమెదుట నడుగును. చదువరులారా, ఈ వరుసను గమనింపుడు. తప్పును తప్పని తప్పుచేసినవాని యెదుట చెప్పిన పిదపనే విడుదల. మనము కథ చెప్పునప్పుడు ఈ ప్రశ్నను గబగబ దాటిపోయి విడుదలను మాత్రము సాగదీసి చెప్పుచున్నాము. తుదకు అశ్వత్థామకు దండనము తప్పలేదనియు మరచుచున్నాము. అర్జునుడు వాని తల గొరిగి, శిరోమణిని పెరికి, శిబిరమునుండి వెడలగొట్టెను. అనగా నేరమును చాటుటయు, దండించుటయు, ప్రాణము విడుచుటయు మూడును ఆ ఘట్టమున కలిసియున్నవి.

భారతమును చూచినచో ద్రౌపది యింకను వేరుగా కనబడును. సౌప్తికపర్వమందు బిడ్డల మరణవార్త వినిన ద్రౌపది, అశ్వత్థామకు తగిన ప్రతిఫలము కలుగనిచో నిరాహారయై ప్రాణములు విడుతునని కూర్చుండెను. వాని తలమీది మణి తెచ్చి చూపవలెనని పట్టుపట్టెను. మణి వచ్చిన పిదప, ఋణము తీరెననియు, గురుపుత్రుడు తనకును గురువేయనియు పలికి, దానిని ధర్మరాజు ధరింపవలెనని కోరి లేచెను. ఈ ద్రౌపదిని మేము తరగతిలో నెన్నడును చెప్పి యుండలేదు. ఏడ్చి క్షమించిన స్త్రీని చెప్పుట సులభము. నాకు న్యాయము కావలెనని నేలమీద కూర్చున్న స్త్రీని చెప్పుట కష్టము. కాని యిద్దరును ఒక్కరే.

ఇక వ్యాసుని వనపర్వమందు క్షమను గూర్చి ద్రౌపదికిని ధర్మరాజునకును నడచిన వాదము. ఈ రెండువైపులను చదివినవాడు క్షమను గూర్చి మరల తేలికగా మాటలాడడు. ద్రౌపది బలి ప్రహ్లాదుల సంవాదమును చెప్పును. తాతా, క్షమ మేలా, తేజము మేలాయని బలి యడుగగా, ఎల్లప్పుడును క్షమయు మేలు కాదు, ఎల్లప్పుడును తేజమును మేలు కాదని ప్రహ్లాదుడు చెప్పెనట. పూర్వము మేలు చేసినవానిని, తెలియక తప్పినవానిని, మొదటిసారి తప్పినవానిని క్షమింపవలెను. తెలిసి చేసి తెలియక చేసితినని బొంకువానిని కొంచెపు తప్పునకైనను దండింపవలెను. ధర్మరాజు దీనికి బదులు చెప్పుచు, తిట్టినవానిని తిట్టి, కొట్టినవానిని కొట్టుచు పోయినచో లోకమున నెవరును మిగులరనియు, భూమివలె నోర్చువారుండుటచేతనే ప్రాణులు నిలిచియున్నవనియు చెప్పెను. మాకు ఇద్దరి మాటలును సత్యముగానే తోచుచున్నవి. అయితే యొక భేదమును చూడవలెను. ధర్మరాజు తనకు జరిగిన దానిని తాను ఓర్చుచున్నాడు, అది గొప్పది. కాని సభలో జుట్టుపట్టి యీడ్వబడినది ద్రౌపది. ఆమెకు జరిగిన దానిని కూడ తానే యోర్చెదననుటకు ధర్మరాజునకు అధికారమెక్కడిది?

ఇక్కడ మా బాలిక ప్రశ్నకు దారి దొరికినది. క్షమ యొకరి సొత్తు. ఎవరికి గాయమైనదో వారి సొత్తు. ద్రౌపది తన బిడ్డల ప్రాణములను ఎవరికిని దానము చేయలేదు. అది ఆమె చేతిలో లేదు. తల్లిగా తనకు కలిగిన గాయమును మాత్రము విడిచిపెట్టెను. చచ్చినవారి పక్షమున చేయదగినది క్షమ కాదు, సాక్ష్యము. చేతులెట్లాడెనని యడిగినప్పుడు ఆమె యిచ్చినది ఆ సాక్ష్యమే.

అయినచో గాయపడనివారికి, అనగా చూచుచున్నవారికి, ఏమి మిగిలినది? దీనికి సభాపర్వము బదులు చెప్పును. ద్రౌపది ప్రశ్న వేసినప్పుడు భీష్ముడంతటివాడు ధర్మము సూక్ష్మమనెను. ధృతరాష్ట్రుని కొడుకులలో నొక్కడు, వికర్ణుడు, లేచి, ఆమె గెలువబడలేదని కారణములతో చెప్పెను. కర్ణుడు వానిని కసరి కూర్చుండబెట్టెను. విదురుడును వికర్ణుని పక్షమున పలికి సభవారికొక లెక్క చెప్పెను. నిందింపదగినదానిని నిందింపక కూర్చున్న సభలో పాపము నాలుగు పాళ్లగును. రెండు పాళ్లు సభాపతికి, ఒక పాలు చేసినవానికి, ఒక పాలు ఊరకున్న సభ్యులకు. ఏ లెక్కల పుస్తకములోను మేము చూడని లెక్క యిది. చేసినవానికెంతయో, చూచి యూరకున్నవారికిని అంతయే!

ఆ సభలోనే ధృతరాష్ట్రుడు వరములు కోరుకొమ్మనగా ద్రౌపది యేమి కోరెనో చూడుడు. మొదటి వరముగా ధర్మరాజును దాస్యమునుండి విడిపించెను. తన కుమారుడు ప్రతివింధ్యుని దాసపుత్రుడని యెవరును పిలువరాదనెను. రెండవ వరముగా మిగిలిన నలుగురిని రథములతోను, విండ్లతోను విడిపించెను. మూడవది వలదనెను. దుశ్శాసనునికి శిక్ష కోరలేదు. తనకొరకు చీరయు నగయు కోరలేదు. అవమానము పొందిన ఘడియలోనే యితరుల స్వాతంత్ర్యమును కోరిన హృదయమునకే పిమ్మట కృపి కన్నీరు కనబడెను. క్షమించుటకు ప్రేరణ మెక్కడ దొరకునని యడుగువారికి భారతభాగవతములు కలిసి చెప్పు సమాధానమిదియే యని మా యభిప్రాయము. ఇతరుల హక్కులకొరకు నిలబడు నలవాటున్నవానికే నిజముగా క్షమించు శక్తి కలుగును. ఆ యలవాటు లేనివాని క్షమ సోమరితనమో, భయమో యగును.

ఇవి పురాణకాలపు మాటలని యెవరైన ననవచ్చును. మన కాలపు వృత్తాంతము నొకటి, మన నగరమునకు సంబంధించినదే, చెప్పుదుము. 2017 ఫిబ్రవరి 22వ తేదీని అమెరికాలో కాన్సస్ రాష్ట్రమందలి ఒలేథా పట్టణమున, ఒక భోజనశాలలో, గార్మిన్ సంస్థయందు ఇంజనీరుగానున్న కూచిభొట్ల శ్రీనివాసు తన మిత్రుడు మాడసాని అలోక్‌తో కూర్చుండియుండెను. ఒకడు వారిని పరదేశీయులని దూషించెను. బయటికి పంపబడి, తుపాకితో మరల వచ్చి, నా దేశమునుండి పొండని యరచుచు కాల్చెను. శ్రీనివాసు మరణించెను, అలోక్ గాయపడెను. అచ్చటనే యున్న ఇయన్ గ్రిల్లట్ అను ఇరువదినాలుగేండ్ల యువకుడు, తుపాకిలోని గుండ్లయిపోయినవని తలంచి హంతకుని వెంటాడెను. ఇంకను మిగిలియున్న గుండు అతని చేతినుండి రొమ్ములోనికి దూసికొనిపోయెను. అతడు బ్రతికెను. ఆ యువకునకు మనవారితో రక్తసంబంధము లేదు. ఒలేథా భోజనశాలలో వికర్ణుడు అతడే.

ఫిబ్రవరి 28న జూబిలీహిల్సులోని మహాప్రస్థానమున శ్రీనివాసునకు అంత్యక్రియలు జరిగినవి. ఆనాడు మా ప్రాంతమున, పిల్లలను సముద్రము దాటించిన యిండ్లలో, ఎంత భయము కమ్మినదో మాకు తెలియును. ఆయన భార్య దుమాల సునయన, అంత్యక్రియలకు ముందే, పత్రికలవారి యెదుట నిలిచి, ద్వేషమును ఆపుటకు ప్రభుత్వమేమి చేయునని యడిగెను. ఆమె యా దేశమున నుండు ననుమతి భర్త యనుమతిపై నాధారపడినది గాన, భర్త పోవుటతో అదియు సందేహమున పడెను. ఇతరుల సహాయమున తిరిగిపోయి, అక్కడనే యుండి, వలసవచ్చినవారిని ఆదరింపుడని చెప్పు నొక యుద్యమమును నెలకొల్పి, శాశ్వతనివాసపు టనుమతికై యేండ్ల తరబడి వేచియున్న కుటుంబముల పక్షమున మాటలాడుచు వచ్చెను. హంతకుడు నేరము నొప్పుకొనగా 2018లో న్యాయస్థానములు వానికి యావజ్జీవ కారాగారశిక్ష విధించినవి.

ఆమె వానిని క్షమించెనా? ఈ ప్రశ్నను అడుగువారిని మేము విన్నాము. అది అడుగుటకు మనకు హక్కు లేదు. అది ఆమె సొత్తు. చెప్పవలసినచో ఆమె చెప్పును, లేనిచో లేదు. మనము చూడదగినది వేరొకటి. ఆమె తన గాయమునకు ఇతరుల గాయములను చూచు కన్నులిచ్చినది.

అట్టి హృదయమున క్షమ యెంత దూరము పోగలదో చూపు వృత్తాంతము ఆ దేశమందే మరియొకటి కలదు. 2001 సెప్టెంబరులో టెక్సస్ రాష్ట్రమున డాలస్ నగరమందు, బంగ్లాదేశమునుండి వచ్చిన రయీస్ భుయ్యా యను యువకుని ఒకడు ముఖముపై కాల్చెను. ఆయనకు ఒక కంటిచూపు పోయెను. ఆ హంతకుడే పాకిస్తానీయుడగు నొకనిని, భారతీయుడగు నొకనిని చంపి మరణశిక్ష పొందెను. భుయ్యా తల్లితో మక్కాయాత్ర చేసి వచ్చిన పిదప, ఆ మనిషిని చంపవలదని న్యాయస్థానముల కెక్కెను. ఆయన యత్నము ఫలింపలేదు. 2011 జూలై 20న మరణశిక్ష జరిగెను. పిమ్మట ఆ హంతకుని కూతునకు ఆయన చేయూత నిచ్చెను. ద్రౌపదికి కృపి కనబడినట్లే ఈయనకు ఆ బిడ్డ కనబడెను. ఆయన క్షమించినది తన కంటిని పోగొట్టిన తప్పును మాత్రమే. ఇతరుల ప్రాణములను క్షమించితినని యనలేదు. ఇతరునకు బ్రతుకు హక్కు కలదని మాత్రము పోరాడెను.

ఇంత వ్రాసిన మేము మా తప్పును దాచుట న్యాయము కాదు. కొన్ని మాసముల క్రింద గచ్చిబౌలి ప్రాంతమున నొక మిత్రుని యింటికి పోతిమి. ఆయన పదునొకండవ యంతస్తున నుండును. క్రింద లిఫ్టుయొద్ద, సరకులు తెచ్చువారు దీనిని వాడరాదని పలక యొకటి వ్రేలాడుచున్నది. వారికొరకు వేరొక లిఫ్టు కలదట. అది యానాడు చెడియున్నది. భోజనపు పొట్లము తెచ్చిన కుర్రవాడొకడు మా వెంట లిఫ్టులోనికి అడుగు పెట్టగా, అందులోనున్న యొక పెద్దమనిషి వానిని గద్దించి దింపెను. ఆ కుర్రవాడు ఒక్క క్షణము మా వంక చూచెను. మేము లిఫ్టు మీటను చూచుచుంటిమి.

పదునొకండు అంతస్తులు మెట్లెక్కి వాడు మా మిత్రుని పొరుగింటికే వచ్చెను. చెమటతో నిలిచిన వానిని చూచి మాకు జాలి కలిగెను. "పోనీలే బాబూ, పెద్దాయన, మనసులో పెట్టుకోకు" అంటిమి. వాడు నవ్వి, "నాకేం కోపం లేదు సార్. మీరప్పుడు ఒక్క మాటంటే లిఫ్టులనే వచ్చెటోణ్ణి" అని దిగిపోయెను.

చదువరులారా, మేము వానికి చేసిన బోధ యెట్టిదో చూడుడు. మాట్లాడవలసిన చోట మౌనము వహించి, మాట్లాడనక్కరలేని చోట క్షమను బోధించితిమి. వాని సొత్తును మేము దానము చేయబోతిమి. మా బాకీని చెల్లింపమైతిమి. విదురుని లెక్క ప్రకారము ఆ పలక పెట్టించిన సంఘాధ్యక్షునకు రెండు పాళ్లు, గద్దించిన పెద్దమనిషి కొక పాలు, మాకొక పాలు. మరుసటి మాసమున, మా కోరికపై మిత్రుడు గృహసంఘపు సభలో ఆ పలకను తీసివేయవలెనని ప్రస్తావించెను. నలుగురు ఔననిరి, ఇద్దరు కాదనిరి, మిగిలినవారు మాటలాడలేదు. పలక యింకను నున్నది. మిత్రుడు మరల ప్రస్తావించెదననుచున్నాడు.

మన యిండ్లలో క్షమాబోధ సాధారణముగా ఎవరికి చేయబడుచున్నది? అత్తగారి మాటను ఓర్చుకొమ్మని కోడలికి, జీతములో కోతను మరచిపొమ్మని పనిమనిషికి, పై యధికారి చేయి భుజమున పడినప్పుడు రభస వలదని కచేరీలో పనిచేయు బాలికకు. తప్పు చేసినవానికి, ఒప్పుకొనుమని, సరిదిద్దుమని, బోధించుట మాత్ర మరుదు. కచేరీలలో స్త్రీల రక్షణకై 2013లో చట్టము వచ్చినది. పదిమంది గాని, అంతకు మించి గాని పనిచేయు ప్రతిచోట విచారణసంఘ ముండవలెనని విధించినది. కాని ఫిర్యాదు వ్రాయుటకు కలము పట్టినదాని ప్రక్కన కూర్చుండి, నేను చూచితిననుటకు ఒక్కడు లేనిచో ఆ సంఘ మేమి చేయగలదు? క్షమింపవలెనో, వలదో ఆమె తరువాత నిర్ణయించుకొనును. ముందు సాక్ష్యము చెప్పుట మన పని.

మరుసటి వారము తరగతిలో ఆ బాలికకు మా సమాధానమును చెప్పితిమి. ద్రౌపది తన వంతు మాత్రమే క్షమించినదనియు, పిల్లల వంతున ప్రశ్న యడిగినదనియు, కృపి యేడువరాదని కోరినదనియు చెప్పితిమి. ఆమె కొంచెము ఆలోచించి, "మరి వికర్ణుని మాట ఎవరూ వినలేదు గదా సార్, లాభమేంది?" అనెను. విదురుడు వినెనని చెప్పితిమి. ద్రౌపదియు వినియుండుననియు చెప్పితిమి. నిండుసభలో తన పక్షమున నొక గొంతు పలికినదని తెలిసిన మనిషికిని, ఏ గొంతును పలుకలేదని తెలిసిన మనిషికిని, తరువాతి బ్రతుకు ఒక్కటి కాదు. మొదటివానికి లోకముపై నమ్మకము కొంచెము మిగులును. క్షమ మొలకెత్తవలెనన్న ఆ కొంచెమైన నుండవలెను.

కాబట్టి రాత్రి భోజనములైన పిదప పిల్లలకు ఈ కథ చెప్పు తలిదండ్రులకు మా మనవి యొక్కటే. ద్రౌపది క్షమించెనని చెప్పి దీపము తీసివేయకుడు. ఆమె వానిని ఏమడిగెనో చెప్పుడు. ఎవరి కన్నీటిని చూచెనో చెప్పుడు. అంతకుముందు, ఆమెకొరకు సభలో లేచినవా డెవడో కూడ చెప్పుడు.